కనిపించనిదానికి రూపం: ఐరోపా చిత్రకళలో ప్రతీకవాదం

ఐరోపా చిత్రకళా చరిత్రలో 1880ల మధ్య నుంచి 20వ శతాబ్దపు తొలి ఏళ్ల వరకు బలంగా సాగిన ఒక ధోరణికి ప్రతీకవాదమని పేరు. ఆ పేరు కిందికి వచ్చే చిత్రాలన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే మాత్రం, అవి ఒకే ఉద్యమానికి చెందినవని నమ్మడం కష్టం. గుస్తావ్ మొరో చిత్రాల్లో అడుగడుగునా నగిషీ పనితనం, రత్నాల తళుకు కనిపిస్తే, ప్యూవి ద షవాన్ చిత్రాల్లో వెలిసిన సున్నపు గోడ వంటి లేతరంగులు, మాటా పలుకూ లేక నిలిచిన మనుషులు కనిపిస్తారు. ఓడిలోన్ రెదోన్ ఏళ్ల తరబడి బొగ్గు నలుపులోనే పనిచేయగా, పాల్ గోగాన్ ఎర్రటి నేలను నీడలేమీ లేకుండా ఒక్క పూతగా పరిచాడు. మారే వెలుతురును చిన్నచిన్న కుంచె విసుర్లతో పట్టుకున్న ఇంప్రెషనిస్టులను కాన్వాసు చూడగానే పోల్చుకోవచ్చు గాని, ప్రతీకవాదులను అలా పట్టించే బాహ్యలక్షణమేదీ లేదు. అందువల్ల ఈ ఉద్యమాన్ని గురించిన చర్చ ఎక్కడ మొదలైనా చివరకు ఒకే ప్రశ్న దగ్గరికి చేరుతుంది: శైలి ఒకటి కానప్పుడు వీరందరినీ కలిపినదేమిటి?

దీనికి సమాధానం చిత్రం చేయవలసిన పనిని గురించి ఆ చిత్రకారులు తీసుకున్న నిర్ణయంలో దొరుకుతుంది. కంటికి అందని భావాన్ని, భయాన్ని, కలను కనిపించే రూపం ద్వారా స్ఫురింపజేయడమే చిత్రకళకు తగిన పని అని వారు నమ్మారు. నమ్మకం ఒకటే అయినా దాన్ని అమలు చేసిన దారులు రెండు. కొందరు పురాణాలు, కలలు, మరణం, దేవదూతలు వంటి అసాధారణ విషయాలను ఎంచుకొని, ఆ విషయాల బలం మీద ఆధారపడ్డారు. మరికొందరు గీతను, రంగును, కూర్పునే భావం మోసే వాహకాలుగా మార్చారు. ఒకే చిత్రకారునిలో ఈ రెండు దారులూ కలిసిన సందర్భాలు ఉన్నా, ఈ తేడాను దృష్టిలో ఉంచుకొని చూసినప్పుడే ప్రతీకవాదం ఎక్కడ నిలిచిందో, ఎక్కడ తడబడిందో స్పష్టమవుతుంది.

పేరు కవులది, నిర్వచనం విమర్శకుడిది

ప్రతీకవాదమన్న పేరు చిత్రకారులు పెట్టుకున్నది కాదు. గ్రీసులో పుట్టి ఫ్రెంచిలో రాసిన కవి జాన్ మొరేయాస్ 1886 సెప్టెంబరు 18న పారిస్ దినపత్రిక 'ల ఫిగారో'లో ప్రచురించిన ప్రకటనతో ఈ పేరు స్థిరపడింది. ఆ ప్రకటన మాట్లాడినది సాహిత్యం గురించే. రంగులూ వాసనలూ ధ్వనులూ ఒకదానికొకటి బదులు పలుకుతాయన్న ఊహను బోదలేర్ అంతకు ముందు తరంలోనే కవిత్వంలోకి తెచ్చాడు. వస్తువును పేరుపెట్టి చెప్పేస్తే కవిత ఇచ్చే ఆనందంలో చాలా భాగం పోతుందనీ, దాన్ని కొంచెం కొంచెంగా ఊహకు అందనివ్వాలనీ మాలార్మే వాదించాడు. తెలుగు పాఠకులకు ఈ వాదం కొత్తగా తోచదు. చెప్పిన మాటకు నేరుగా వచ్చే అర్థాన్ని వాచ్యమనీ, దాన్ని దాటి సహృదయునికి స్ఫురించే అర్థాన్ని ధ్వని అనీ వేరుచేసి, కావ్యానికి ప్రాణం రెండవదానిలోనే ఉందని 9వ శతాబ్దంలో కాశ్మీరానికి చెందిన ఆనందవర్ధనుడు సిద్ధాంతీకరించాడు. ఆ సిద్ధాంతానికీ ఫ్రెంచి కవులకూ చారిత్రక సంబంధం ఉన్నదని చెప్పడం ఇక్కడి ఉద్దేశం కాదు. అయితే ప్రతీకవాద చిత్రకారులు కోరినదేమిటో తెలుగులో చెప్పవలసి వస్తే, వాచ్యాన్ని తగ్గించి ధ్వనిని పెంచడమే అనడం కన్న దగ్గరి మాట దొరకదు.

చిత్రకళకు సంబంధించినంత వరకు నిర్వచనం ఇచ్చినవాడు యువ విమర్శకుడు అల్బేర్ ఓరియే. 1891 మార్చిలో 'మెర్క్యూర్ ద ఫ్రాన్స్' పత్రికలో గోగాన్ గురించి రాసిన వ్యాసంలో అతడు కొత్త చిత్రానికి ఐదు లక్షణాలు చెప్పాడు. అది ఒక భావాన్ని వ్యక్తం చేయడమే లక్ష్యంగా ఉండాలి. ఆ భావాన్ని రూపాల ద్వారా ప్రతీకాత్మకంగా చెప్పాలి. అనవసర వివరాలను తొలగించి రూపాలను అందరికీ బోధపడే పద్ధతిలో సంశ్లేషించాలి. వస్తువును వస్తువుగా కాక, చూసేవాని మనసు గ్రహించిన సంకేతంగా తీసుకోవాలి. వీటన్నిటి ఫలితంగా ప్రాచీనుల కుడ్యచిత్రాలవలె అలంకారాత్మకం కావాలి. ఈ చివరి మాటను సోకు, ముస్తాబు అనే అర్థంలో తీసుకోకూడదు. గోడను గోడగా గౌరవించి, దాని మీద లోతు భ్రమను సృష్టించకుండా రూపాలను అమర్చడమని ఓరియే భావం. ఆ మరుసటి ఏడాదే, 27 ఏళ్ల వయసులో అతడు మరణించడంతో ఉద్యమం తన సిద్ధాంతకర్తను చాలా త్వరగా కోల్పోయింది.

ఇక్కడ ప్రతీకకూ అన్యాపదేశానికీ ఉన్న తేడాను గుర్తించాలి. కళ్లకు గంతలు కట్టుకుని చేత త్రాసు పట్టిన స్త్రీ న్యాయానికి గుర్తు; ఆ సంబంధం ముందే నిర్ణయమైనది, ఒకసారి తెలిస్తే చిత్రంలో వెదకవలసినదేమీ మిగలదు. ఇది అన్యాపదేశం. ప్రతీకకు అలాంటి నిఘంటువు లేదు. ఇంగ్లండు చిత్రకారుడు జార్జ్ ఫ్రెడరిక్ వాట్స్ 1886లో 'ఆశ' అనే చిత్రం గీసినప్పుడు, ఆశకు సంప్రదాయంగా వాడే లంగరు గుర్తును వదిలిపెట్టి, గోళం మీద ఒంగి కూర్చున్న స్త్రీని చూపించాడు. ఆమె కళ్లకు గంతలున్నాయి; చేతిలోని లైర్ అనే తంత్రీవాద్యానికి ఒక్క తీగె తప్ప అన్నీ తెగిపోయాయి; ఆ ఒక్క తీగె పలికే సన్నని నాదం కోసం ఆమె చెవి ఒగ్గి ఉన్నది. శీర్షిక తెలియనివారు దీన్ని నిరాశ అనుకోవడానికి ఎంత అవకాశముందో, ఆశ అనుకోవడానికీ అంతే అవకాశముంది. ఆ రెండు అర్థాలూ ఒకదాన్నొకటి కొట్టివేయకుండా నిలవడంలోనే ప్రతీక బలముంది.

ఉద్యమానికి నేల

ఈ ధోరణి తలెత్తిన కాలం ఐరోపాలో విజ్ఞానశాస్త్రానికీ యంత్రానికీ ఎదురులేని కాలం. పరిశీలనకు, కొలతకు లొంగేదే జ్ఞానమని ఓగుస్త్ కోంత్ ప్రతిపాదించిన ప్రత్యక్షవాదం విద్యాలయాల్లో స్థిరపడింది; మనిషిని వంశం, పరిసరం కలిసి తయారుచేసిన ఫలితంగా చూసిన ఎమీల్ జోలా సహజవాదం నవలను ఏలింది; కంటికి కనిపించేదాన్ని నమోదు చేసే పనిని 1839 నుంచే ఫోటోగ్రఫీ చేపట్టింది. మరోవైపు 1870–71 యుద్ధంలో ప్రష్యా చేతిలో ఓటమి ఫ్రాన్సు ఆత్మవిశ్వాసాన్ని దెబ్బతీయగా, విపరీతంగా పెరుగుతున్న నగరాలు పాత సమాజపు బంధాలను సడలించాయి. జగత్తు మన ఊహారూపమేనన్న షోపెన్‌హౌర్ తత్త్వం, పురాణాన్నీ సంగీతాన్నీ నాటకాన్నీ ఏకం చేసిన వాగ్నర్ సంగీతనాటకాలు, ప్రేతాత్మలతో సంభాషణ నుంచి దివ్యజ్ఞాన సమాజం వరకు రకరకాల మార్మిక చింతనలు ఇలా ఏర్పడిన ఖాళీని నింపడానికి వచ్చాయి.

అయితే ప్రతీకవాదాన్ని విజ్ఞానశాస్త్రానికి కేవలం విరోధిగా చూడడం పొరపాటు. పారిస్‌లోని సల్పేత్రియేర్ ఆసుపత్రిలో వైద్యుడు షార్కో జరిపిన హిస్టీరియా, హిప్నోసిస్ అధ్యయనాలు మనిషిలో తనకే తెలియని లోకమొకటి ఉన్నదని చూపించి, ఈ చిత్రకారుల నమ్మకానికి ఊతమిచ్చాయి. వృక్షశాస్త్రజ్ఞుడు అర్మాన్ క్లావో స్నేహం వల్ల సూక్ష్మజీవుల లోకాన్ని, డార్విన్ పరిణామవాదాన్ని తెలుసుకున్న రెదోన్, 1883లో 'ఆరంభాలు' అనే లిథోగ్రాఫుల సంపుటంలో రూపం ఇంకా కుదురుకోని ప్రాణులను, కన్ను తెరుస్తున్న మొక్కను గీశాడు. కాబట్టి ఈ చిత్రకారుల తిరుగుబాటు జ్ఞానం మీద కాదు, కొలవగలిగినదే సత్యమన్న పట్టుదల మీద.

మొరో, ప్యూవి, రెదోన్

ఫ్రాన్సులో ఉద్యమానికి పేరు రాకముందే దారి వేసినవారు ముగ్గురు. వారిలో గుస్తావ్ మొరో (1826–1898) పురాణ చిత్రకారుడు. 1876 సలోన్‌లో, అంటే ప్రభుత్వ ఆమోదంతో ఏటా జరిగే పెద్ద ప్రదర్శనలో, అతడు ఉంచిన 'సాక్షాత్కారం' అనే నీటిరంగుల చిత్రం అతని పద్ధతికి మంచి ఉదాహరణ. నాట్యానికి ప్రతిఫలంగా యోహాను తలను కోరిన సలోమె కథ అది. నరికిన తల నెత్తురోడుతూ, కాంతివలయంతో గాలిలో నిలిచి ఉంటే, సలోమె చేయి చాచి దానివైపు చూస్తున్నది. సింహాసనం మీది హేరోదుకు గాని, ఖడ్గధారికి గాని అక్కడేమీ కనిపిస్తున్నట్టు లేదు. జరిగిన సంఘటన ఒక మనసులోని దృశ్యంగా మారిపోయింది. 1884లో వీస్మాన్స్ రాసిన 'ఆ రెబూర్' నవలలో లోకాన్ని విడిచి ఇంట్లో తలుపులు మూసుకున్న నాయకుడు మొరో సలోమె చిత్రాలను, రెదోన్ నలుపు బొమ్మలను గోడలకు తగిలించుకుని ఆరాధిస్తాడు. ఈ చిత్రకారుల పేర్లు కొత్త తరానికి చేరడంలో ఆ నవల పాత్ర చిన్నది కాదు. పారిస్‌లో మొరో నివసించిన ఇల్లే 1903లో అతని మ్యూజియంగా తెరుచుకున్నది. అక్కడున్న అసంపూర్తి చిత్రాల్లో రంగు ముద్దలు ముందుగా పడి, వాటి మీద సన్నని నల్ల గీతలు తరువాత అల్లుకోవడం చూస్తే, మొరో ఊహలో కథ కన్న రంగే ముందు పుట్టేదేమో అనిపిస్తుంది.

ప్యూవి ద షవాన్ (1824–1898) కుడ్యచిత్రకారుడుగా పాంథియోన్, సోర్బోన్ వంటి ప్రజాభవనాలకు పనిచేశాడు, ప్రతీకవాది అన్న ముద్రను అతడు కోరుకోలేదు. అయినా అతని 'పేద జాలరి' (1881) ఆ తరం మీద గాఢమైన ప్రభావం చూపింది. బూడిదరంగు నీటి మీద ఒక పడవ, వలను నీటిలో వదిలి తల వంచి చేతులు ముడుచుకున్న మనిషి, ఒడ్డున నిద్రపోతున్న పసిబిడ్డ, పూలు ఏరుతున్న యువతి తప్ప అందులో మరేమీ లేదు. కథ లేదు, సంఘటన లేదు. ఆ ఖాళీయే పేదరికాన్ని పలికిస్తుంది. వివరం తగ్గేకొద్దీ భావం చిక్కబడుతుందన్న పాఠాన్ని గోగాన్, సోరా మొదలుకొని యువ పికాసో వరకు ప్యూవి నుంచే నేర్చుకున్నారు.

ముగ్గురిలో ధ్వనికి అత్యంత సన్నిహితుడు ఓడిలోన్ రెదోన్ (1840–1916). బోర్దోలో పుట్టి, సమీపంలోని పేర్‌లబాద్ అనే ఎస్టేటులో ఒంటరి బాల్యం గడిపిన ఈ చిత్రకారుడు ఇంచుమించు 50 ఏళ్లు వచ్చేవరకు తన ముఖ్యమైన పనినంతా నలుపులోనే చేసి, ఆ బొమ్మలను 'నలుపులు' అనే పిలిచాడు. కాగితం మీద బొగ్గును రుద్ది, తుడిచి, గీకి, దాని మీద జిగురుద్రావణం పట్టించి, చీకటిలోంచి రూపం తనంతట తాను తేలివచ్చేదాకా పనిచేయడం అతని పద్ధతి. బొమ్మలను పదిమందికి చేర్చడానికి, ప్రత్యేక కాగితం మీద గీసినదాన్ని రాతి పలక మీదికి ఎక్కించి అచ్చు తీసే లిథోగ్రఫీని అతడు ఆశ్రయించాడు. 1879లో వెలువడిన తొలి సంపుటం 'కలలో' పది పలకలతో, కేవలం 25 ప్రతులతో వచ్చింది. 1882 నాటి 'ఎడ్గార్ పో‌కు' సంపుటంలోని ప్రసిద్ధమైన పలకలో ఒక పెద్ద కన్ను గాలిబుడగగా మారి, కింద ఒక తలను వేలాడదీసుకొని ఆకాశంలోకి లేస్తుంది. ఆ కనుగుడ్డు పైకి తిరిగి ఉన్నది. కింద సముద్రం, ఒడ్డున కొద్దిపాటి గడ్డి దుబ్బు. ఇందులో ప్రతి వస్తువూ తెలిసినదే, గీత ప్రతిదీ నమ్మదగినదే. వాటి కలయిక మాత్రమే ఈ లోకంలో లేనిది. అదృశ్యాన్ని నమ్మించాలంటే దృశ్యపు తర్కాన్ని తప్పకూడదని రెదోన్ గ్రహించాడు. 1890ల నుంచి అతడు పాస్టెల్, తైలవర్ణాల్లోకి వచ్చి పూలను, బుద్ధుణ్ని, మూసిన కళ్లను వెలుతురు నిండిన రంగుల్లో చిత్రించాడు. 'మూసిన కళ్లు' (1890) అనే చిత్రంలో నీటి మీదినుంచి లేచినట్టున్న ముఖం లోపలికి చూస్తున్నది. ప్రతీకవాదమంతటికీ ఒకే బొమ్మను ముఖచిత్రంగా ఎంచవలసి వస్తే దాన్నే ఎంచవచ్చు.

గోగాన్: అర్థం రూపంలోకి చేరిన ఘట్టం

1888 వేసవిలో బ్రిటనీ ప్రాంతపు పోంతవెన్ గ్రామంలో పాల్ గోగాన్, ఎమీల్ బెర్నార్ కలిసి చేసిన పని ఉద్యమాన్ని మలుపు తిప్పింది. రంగుల మైదానాల చుట్టూ ముదురు గీతలు గీసి, చర్చి కిటికీల రంగు అద్దాల్లాగా, జపాన్ చెక్క అచ్చుబొమ్మల్లాగా చదునుగా ఉంచే ఈ పద్ధతికి సంశ్లేషవాదమని పేరు వచ్చింది. ప్రకృతిని ఎదురుగా పెట్టుకొని నకలు తీయకుండా, జ్ఞాపకంలో మిగిలిన సారాన్ని గీయడం దాని సూత్రం.

గోగాన్ 'ప్రవచనం తరువాతి దర్శనం' (1888) ఈ సూత్రానికి తొలి పరిపూర్ణ ఉదాహరణ. ముందుభాగంలో తెల్లని కుల్లాయిలు ధరించిన బ్రిటనీ పల్లె స్త్రీలు వరుసగా నిలిచి, మోకరిల్లి ఉన్నారు. కొందరి వీపులే కనిపిస్తున్నాయి. చిత్రాన్ని ఏటవాలుగా కోస్తూ ఒక చెట్టు మొద్దు సాగుతుంది. దానికి అవతల, పూర్తిగా ఎర్రని నేల మీద, బైబిలు కథలోని యాకోబు దేవదూతతో కుస్తీ పడుతున్నాడు. ఏ పొలమూ అంత ఎర్రగా ఉండదు, కుస్తీపడేవారు ఉండవలసిన పరిమాణంలో లేరు, దూరాన్ని తెలిపే నీడలు లేవు. ఆ కుస్తీ, ఆ నేల ప్రార్థిస్తున్న ఆ మనుషుల ఊహలో మాత్రమే ఉన్నాయని గోగాన్ వాన్ గోహ్‌కు లేఖలో వివరించాడు. మొరో చిత్రంలో వింతను విషయం మోస్తే, ఇక్కడ ఎరుపే మోస్తున్నది. ఆ రంగును పచ్చగా మార్చి చూస్తే దర్శనం కాస్తా పల్లెలోని కుస్తీపోటీ అయిపోతుంది. గోగాన్ ఈ చిత్రాన్ని దగ్గరలోని నిజోన్ చర్చికి ఇవ్వబోతే అక్కడి మతగురువు స్వీకరించలేదు. ఇప్పుడది ఎడిన్‌బరోలోని జాతీయ చిత్రశాలలో ఉన్నది.

అదే ఏడాది అక్టోబరులో గోగాన్ పక్కన ఉండి చెబుతుంటే పాల్ సెరూజియే ఒక చిన్న చెక్కపలక మీద అడవినీ నీటినీ గీశాడు. కనిపించిన పసుపుకు పసుపు, నీలికి స్వచ్ఛమైన నీలి వేయమన్న సలహా ప్రకారం వచ్చిన ఆ బొమ్మలో చెట్లు రంగు మచ్చలుగా మిగిలాయి. పారిస్‌లోని యువ చిత్రకారులు దానికి 'తాయెత్తు' అని పేరు పెట్టుకొని, తమను హీబ్రూలో ప్రవక్తలని అర్థమిచ్చే 'నబీలు' అని పిలుచుకున్నారు. వారిలో మోరిస్ దెనీ 1890లో, చిత్రం ఏ వస్తువును చూపించినా, మూలతః అది ఒక క్రమంలో అమర్చిన రంగులతో కప్పిన చదునైన తలమని గుర్తుచేశాడు. భక్తుడైన దెనీ దృష్టిలో ఈ మాట ఆత్మకు దారి. తరువాతి కాలంలో అదే మాట నైరూప్య చిత్రకళకు, అంటే వస్తువు పోలికలను విడిచిన చిత్రకళకు, మూలసూత్రంగా చదవబడింది.

బ్రస్సెల్స్, రోజ్ క్రువా

బెల్జియం రాజధానిలో 1883లో ఏర్పడిన 'ఇరవైమంది' బృందం ఏటా ప్రదర్శనలు నిర్వహించి ఫ్రెంచి, ఇంగ్లీషు కొత్త చిత్రకారులను ఒకే గోడ మీదికి తెచ్చింది. అందులో సభ్యుడైన ఫెర్నాన్ క్నోఫ్ (1858–1921) మౌనాన్ని చిత్రించాడు. 'నన్ను నేను లోపల బిగించుకుంటాను' అనే అర్థం వచ్చే శీర్షికతో, క్రిస్టీనా రొసెట్టి కవితను ఆధారం చేసుకొని 1891లో గీసిన చిత్రంలో ఒక స్త్రీ చుబుకాన్ని చేతుల మీద ఆనించి, ఎవరినీ చూడని లేతకళ్లతో ఎదుట ఉన్నది. ముందు మూడు లిల్లీ కాడలు, వెనుక నిద్రాదేవత హిప్నోస్ శిరస్సు, గోడ మీద కిటికీయో అద్దమో చిత్రమో తేలని చతురస్రాలు. గది లోపలికీ బయటికీ మధ్య హద్దు చెరిగిపోవడంతో ఆ స్త్రీ ఉన్న చోటు ఇల్లు కాదనీ మనసనీ చూసేవారికి తెలియవస్తుంది.

పారిస్‌లో జోసెఫిన్ పెలదాన్ 1892 నుంచి 1897 వరకు ఏటా నడిపిన 'రోజ్ క్రువా సలోన్' ఉద్యమానికి గొప్ప ప్రచారమూ, అంతకు తగిన నష్టమూ తెచ్చింది. మార్మిక సోదరసంఘం పేరుతో నడిచిన ఈ ప్రదర్శన నియమావళి చరిత్ర చిత్రాలను, నిత్యజీవిత దృశ్యాలను, పండ్లూ పూలూ వంటి నిశ్చల వస్తుచిత్రాలను నిషేధించి, పురాణం, కల, ఆధ్యాత్మికతలకే చోటిచ్చింది. క్నోఫ్, జాన్ డెల్విల్, స్విట్జర్లండు చిత్రకారుడు ఫెర్డినాండ్ హోడ్లర్, కార్లోస్ ష్వాబె అందులో పాల్గొన్నారు. మొరో, ప్యూవి, రెదోన్ దూరంగా ఉన్నారు. ఏ విషయం ఆధ్యాత్మికమో నియమం పెట్టి నిర్ణయించిన చోట ప్రతీక మళ్లీ అన్యాపదేశంగా దిగజారడం సహజం. లిల్లీపువ్వు కనిపిస్తే పవిత్రత, పాము కనిపిస్తే పాపం అని చదువుకుంటూ పోయే చిత్రాలు ఆ ప్రదర్శనల్లో తక్కువ కాదు. డెల్విల్ పనితనం అసామాన్యం, దివ్యజ్ఞానం మీద అతని విశ్వాసం నిజమైనది. అయినా 1898 నాటి 'ప్లేటో పాఠశాల' వంటి విశాలమైన చిత్రంలో కూడా సిద్ధాంతం తెలిసినవారికి తెలిసినదే కనిపిస్తుంది, చిత్రం తనంతట తాను కొత్తగా చెప్పేది తక్కువ.

ఉత్తరాన, తూర్పున

జర్మన్ భాషాప్రాంతంలో ఆర్నాల్డ్ బోక్లిన్ 'మృతుల దీవి' అందరికీ తెలిసిన చిత్రం. 1880లో ఫ్లారెన్సులో మొదలుపెట్టి 1886 వరకు బోక్లిన్ దీన్ని ఐదుసార్లు గీశాడు. భర్తను కోల్పోయిన మారీ బెర్నా కలలు కనడానికి అనువైన చిత్రం కోరడంతో, పడవలో తెల్లని వస్త్రంలో నిలుచున్న ఆకృతి, దాని ముందు శవపేటిక చేరాయి. నిటారు కొండరాళ్లు, వాటి నడుమ నల్లని సైప్రస్ చెట్లు, అలలేని నీరు: ఎక్కడా ఏ దేవతా, ఏ శాసనమూ మరణాన్ని పేరుపెట్టి చెప్పదు. శీర్షిక కూడా చిత్రాల వ్యాపారి పెట్టినదే. నలుపు తెలుపు నకలును మాత్రమే చూసి రష్యన్ స్వరకర్త రహ్మానినొవ్ 1909లో ఒక వాద్యకృతిని పూర్తి చేశాడంటే, ఆ నిశ్శబ్దం ఎంతదూరం ధ్వనించిందో ఊహించవచ్చు.

హోడ్లర్ 'రాత్రి' (1889–90)లో నిద్రిస్తున్న వారి నడుమ ఒక మనిషి మాత్రం తన మీద కూర్చున్న నల్లముసుగు ఆకారాన్ని చూసి భయంతో మేల్కొన్నాడు. నగ్నత కారణంగా జెనీవా నగరాధికారులు దీన్ని ప్రదర్శన నుంచి తొలగించారు. దేహాలను అడ్డంగా, సమాంతరంగా, పదేపదే అమర్చే తన పద్ధతికి హోడ్లర్ సమాంతరతా సూత్రమని పేరు పెట్టాడు. ఆ పునరావృతిలోనే నిద్ర బరువు, మరణంతో సామ్యం రెండూ ఉన్నాయి. నార్వే చిత్రకారుడు ఎడ్వర్డ్ ముంక్ ఈ దారిని చివరిదాకా నడిచాడు. ఐదేళ్ల వయసులో తల్లినీ, ఆ తరువాత అక్క సోఫీనీ క్షయకు పోగొట్టుకున్న ముంక్ ప్రేమ, భయం, మరణం మీద గీసిన చిత్రాలను 'జీవన మాలిక'గా కూర్చాడు. 1892లో బెర్లిన్‌లో అతని ప్రదర్శనను వివాదం మధ్య వారంలోనే మూసివేశారు; ఆ మరుసటి ఏడాదే 'కేక' వచ్చింది. అందులో వంతెన కమ్మీలు నిటారుగా దూసుకుపోతే ఆకాశం, నీరు, మనిషి దేహం ఒకే వంకరలో వణుకుతాయి. వెనుక నడిచే ఇద్దరికి ఏమీ వినిపించినట్టు లేదు. ప్రకృతిని చీల్చుకుపోయే కేకను తాను విన్నట్టు ముంక్ రాసుకున్నాడు; ఎదుటి ఆకృతి చెవులు మూసుకోవడానికి కారణమదే. ఇక్కడ పురాణం అవసరం పూర్తిగా తీరిపోయింది; గీతే ప్రతీక అయింది.

వియెన్నాలో 1897లో ఏర్పడిన సెసెషన్ బృందానికి నాయకుడైన గుస్తావ్ క్లిమ్ట్ 1902లో 34 మీటర్ల పొడవున బేతోవెన్ మాలికను బంగారం, రంగురాళ్లతో గోడ మీద నిలిపాడు. రష్యాలో మిఖాయిల్ వ్రూబెల్ లెర్మొంతొవ్ కావ్యంలోని దైత్యుణ్ని రంగుల స్ఫటికాలుగా పగలగొట్టి గీసి, 1902 నాటి 'కూలిన దైత్యుడు'ను ప్రదర్శనలో వేలాడదీసిన తరువాత కూడా మార్చుతూ పోయాడు. ఫిన్లండులో హ్యూగో సిమ్‌బెర్గ్ 1903లో గీసిన 'గాయపడ్డ దేవదూత' ఈ మొత్తం చర్చకు ఒక గీటురాయి. ఇద్దరు పల్లె కుర్రవాళ్లు కర్రల మంచె మీద, కళ్లకు కట్టు కట్టిన, రెక్కకు నెత్తురంటిన దేవదూతను మోసుకుపోతున్నారు; వెనుకనున్నవాడు తల తిప్పి చూపరి వైపు కోపంగా చూస్తున్నాడు. ఆ దేవదూత ఎవరు, గాయం ఎలా అయింది అన్నవాటికి సిమ్‌బెర్గ్ వివరణ ఇవ్వడానికి నిరాకరించి, అర్థాన్ని చూసేవారికే వదిలాడు.

భారతదేశంతో ఈ ఉద్యమానికి ఉన్న సంబంధం ఎక్కువగా ఊహలోనిది. మొరో మన దేశం చూడకుండానే అలెగ్జాండరు విజయోత్సవాన్ని భారతీయ ఆలయాల నడుమ చిత్రించాడు. ఇటలీ చిత్రకారుడు జొవాన్ని సెగంతిని 1891లో మంచు మైదానం మీద గాలిలో తేలుతూ శిక్ష అనుభవించే స్త్రీలను గీసినప్పుడు, దానికి ఆధారం 'నిర్వాణ' అనే కవిత; భారతీయ మూలం నుంచి వచ్చినదిగా చెప్పుకున్న ఆ కవిత లుయీజి ఇల్లికా అనే ఇటాలియన్ రచయితది. మాతృత్వాన్ని కాదన్న స్త్రీలు మంచులో తిరుగాడాలన్న ఊహకు బౌద్ధ నిర్వాణంతో పొత్తు లేదు.

లోపాలు, పునర్విమర్శ, వారసత్వం

పై ఉదాహరణ ఉద్యమపు పెద్ద లోపాన్ని కూడా చూపుతుంది. ప్రతీకవాద చిత్రాల్లో స్త్రీ ఎక్కువగా రెండే రూపాల్లో ఉంటుంది: తల నరికించే సలోమె, మనిషిని మింగే స్ఫింక్స్, రక్తం తాగే పిశాచి ఒకవైపు, మాట్లాడని కన్య, పూలు పట్టిన దేవదూత మరోవైపు. తన చిత్తాన్ని లోతుగా శోధిస్తున్నానని నమ్మిన పురుషుడు స్త్రీ చిత్తం కూడా అంతే లోతైనదని గుర్తించలేదు. పెలదాన్ నియమావళి స్త్రీలు గీసిన చిత్రాలను బాహాటంగా నిషేధించింది. మార్మికత, ప్రాచ్యం, ఆదిమత్వం పేరిట దూరదేశాలను తమ కలలకు రంగస్థలంగా వాడుకున్న తీరు, తాహితిలో గోగాన్ జీవితంతో సహా, ఇప్పటి పాఠకులు విమర్శతోనే చదవవలసిన విషయం.

20వ శతాబ్దంలో చాలాకాలం పాటు ఈ ఉద్యమం చరిత్రకారుల ఆదరణకు నోచుకోలేదు. ఆధునిక చిత్రకళ అంటే ఇంప్రెషనిజం నుంచి సెజాన్ మీదుగా క్యూబిజానికి సాగిన దారి అని నమ్మినవారికి దేవదూతలు, దీవులు, మూసిన కళ్లు సాహిత్యపు బరువుగా తోచాయి. 1969లో ఫిలిప్ జూలియాన్ గ్రంథం ఈ కలల లోకాన్ని మళ్లీ జనం ముందుకు తెచ్చింది. 1975–76లో రోటర్‌డామ్, బ్రస్సెల్స్, బాడెన్-బాడెన్, పారిస్ నగరాలు చూసిన ప్రదర్శన, 1995లో మాంట్రియల్ ప్రదర్శన దాన్ని ఐరోపా అంతటికీ చెందిన ఉద్యమంగా స్థాపించాయి. రాబర్ట్ గోల్డ్‌వాటర్ 1979 నాటి గ్రంథంలో అన్యాపదేశానికీ ప్రతీకకూ ఉన్న తేడా మీద దృష్టి నిలిపితే, 2004లో షారన్ హిర్ష్ ఈ చిత్రాలను నగరజీవితపు ఒత్తిడి, రోగభయాలతో కలిపి చదివి, ఇవి లోకం నుంచి పారిపోయినవారి బొమ్మలన్న పాత అభిప్రాయాన్ని సవాలు చేసింది. గోల్డ్‌వాటర్ చూపిన తేడా విలువ కట్టడానికీ, హిర్ష్ చూపిన సంబంధం అర్థం చేసుకోవడానికీ అవసరం. ఒకటి లేకుండా రెండవది చాలదు.

వారసత్వం మాత్రం ప్రశ్నించలేనిది. మాతీస్, రువో మొరో శిష్యులు. 1911 చివరలో వెలువడిన తన గ్రంథంలో కాండిన్‌స్కీ, బాహ్యరూపంలో ఆంతర్యాన్ని వెదికినవారిగా చిత్రకారులు డాంటే గేబ్రియల్ రొసెట్టి, బోక్లిన్, సెగంతినిలను పేర్కొని, ఆ వెదుకులాటను వస్తువే అక్కరలేని దశకు తీసుకుపోయాడు. మోండ్రియాన్ తొలి చిత్రాల్లో దివ్యజ్ఞానపు ప్రతీకలు ఉన్నాయి. సర్రియలిస్టుల నాయకుడు ఆంద్రె బ్రెతోన్‌కు మొరో మ్యూజియం యౌవనం నుంచే ఆరాధ్యస్థలం.

తెలుగులో ప్రతీకవాదమన్న మాట ఇప్పటికీ కవిత్వ విమర్శలోనే ఎక్కువగా వినబడుతుంది. అదే ప్రశ్నతో రంగులూ గీతలూ ఎంత లోతుగా పెనుగులాడాయో తెలిసినప్పుడు ఆ మాటకు నిండుదనం వస్తుంది. ప్రతీకవాద చిత్రాల్లో దేన్ని నిలిచేదిగా ఎంచాలన్న ప్రశ్నకు ఈ సమీక్షలో కనిపించిన కొలమానం ఒకటే. చిత్రం పక్కన ఒక వాక్యం రాసి, ఆ వాక్యం చాలుననిపిస్తే అది అన్యాపదేశంతోనే ముగిసింది. 'కేక' పక్కన ఆ వాక్యం చాలదు, గోగాన్ ఎర్రని నేల పక్కన చాలదు, రెదోన్ నల్లని కన్ను పక్కన అసలే చాలదు. ఎన్ని వాక్యాలు రాసినా ఇంకా చెప్పవలసినది మిగిలే ఇటువంటి కొన్ని చిత్రాల కోసమే, లోపాలన్నీ తెలిసి కూడా, ఈ ఉద్యమం వద్దకు మళ్లీ మళ్లీ వెళ్లవలసి ఉంటుంది.